స్కాట్లాండ్ దీవుల్లో ఉద్యోగం వస్తే పిల్లల బడి ఎలా? నికొల్సన్‌లో చేర్చాలా, గ్లాస్గోలో ఉంచాలా?

లూయిస్ దీవిలోని స్టోర్నొవే ఆసుపత్రిలోనో, ఆర్క్నీలోని కిర్క్‌వాల్‌లోనో ఉద్యోగం ఖాయమైతే తెలుగు ఇళ్లలో ముందు చలి గురించి మాట్లాడుకుంటారు, ఆ వెంటనే పిల్లల చదువు గురించి. చలి సంగతి కొన్నాళ్లకు అలవాటైపోతుంది. చదువు అంత తేలిగ్గా తెగదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అయితే ఇంటికి దగ్గర్లో పది బడులు తిరిగి చూసి ఒకటి ఎంచుకుంటాం. అక్కడ ఊరికి ఒకటే హైస్కూలు, కొన్నిచోట్ల దీవి మొత్తానికి ఒకటే. ఉద్యోగం ఎక్కడో ఒప్పుకున్నారంటే బడి కూడా అప్పుడే ఒప్పుకున్నట్టు. కాబట్టి ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టే ముందే ఈ పోలిక చేసుకోవాలి.

స్కిల్డ్ వర్కర్ వీసా మీద వెళ్లే డాక్టర్లు, నర్సుల పిల్లలకు ప్రభుత్వ బడిలో చదువు పూర్తిగా ఉచితం. డొనేషన్ లేదు, ప్రవేశ పరీక్ష లేదు. అందుకని డబ్బు ఒక్కటే చూస్తే ఇందులో తేల్చుకోవాల్సింది పెద్దగా లేదు. తేల్చుకోవాల్సింది వేరే ఉంది: కుటుంబమంతా దీవిలో ఉండి పిల్లల్ని అక్కడి బడిలో వేయాలా, ఉద్యోగం చేసేవాళ్లు ఒక్కరే దీవికి వెళ్లి మిగతావాళ్లు గ్లాస్గోలో ఉండాలా, లేక హాస్టల్ ఉన్న బడి చూడాలా? నా అభిప్రాయం ముందే చెబుతాను. పిల్లల వయసు 14 లోపు ఉంటే స్టోర్నొవేలోని నికొల్సన్ ఇన్‌స్టిట్యూట్ లాంటి పాత, పెద్ద గ్రామీణ బడి మనవాళ్లు ఊహించుకునేదానికంటే చాలా మంచిది. 15, 16 దగ్గరికి వచ్చిన పిల్లల విషయంలో మాత్రం ఆగి ఆలోచించాలి.

ముందు క్లాసుల లెక్క

స్కాట్లాండ్ చదువు ఇంగ్లండ్ చదువు కాదు. జీసీఎస్ఈ, ఎ-లెవెల్ అని బంధువులు చెప్పేవి అక్కడి ప్రభుత్వ బడుల్లో మామూలుగా ఉండవు. ప్రైమరీ ఏడేళ్లు, ఆ తర్వాత సెకండరీ ఆరేళ్లు. సెకండరీ మొదటి ఏడాదిని ఎస్1 అంటారు. అందులో చేరేసరికి పిల్లలకు సుమారు 12 ఏళ్లు ఉంటాయి. మన దగ్గర ఏడో తరగతి చదువుతున్న పిల్ల అక్కడ ఎస్1లోకి, లేదా పుట్టిన నెలను బట్టి ఎస్2లోకి వెళ్తుంది. క్లాసు నిర్ణయించేది వయసే. మార్కులు బాగున్నాయని పై క్లాసులో వేయమని అడిగినా మామూలుగా వేయరు.

ఎస్1 నుంచి ఎస్3 వరకు పిల్లలు చాలా రకాల సబ్జెక్టులు చదువుతారు, కొన్ని బడుల్లో ఎస్3కల్లా కొంత ఎంపిక మొదలవుతుంది. ఎస్4లో నేషనల్ 5 పరీక్షలు, ఎస్5లో హయ్యర్, ఎస్6లో అడ్వాన్స్‌డ్ హయ్యర్. పరీక్షలు ఏప్రిల్ చివర మొదలై మే అంతా సాగుతాయి, ఫలితాలు ఆగస్టులో వస్తాయి. స్కాట్లాండ్ యూనివర్సిటీలు ముఖ్యంగా ఎస్5లో వచ్చిన హయ్యర్ గ్రేడ్లు చూస్తాయి. మామూలుగా పిల్లలు ఆ ఏడాది ఐదు హయ్యర్లు రాస్తారు. యూనివర్సిటీ ప్రవేశాల పాయింట్ల లెక్కలో హయ్యర్‌లో 'ఎ' వస్తే 33, అడ్వాన్స్‌డ్ హయ్యర్‌లో 'ఎ' వస్తే 56. ఎ-లెవెల్‌లో అన్నిటికంటే పై గ్రేడు అయిన 'ఎ స్టార్'కు కూడా ఆ 56 పాయింట్లే. స్కాట్లాండ్‌లో డిగ్రీ నాలుగేళ్లు కాబట్టి హయ్యర్లతోనే తీసుకుంటారు. ఇంగ్లండ్ యూనివర్సిటీల్లో చాలా కోర్సులకు అడ్వాన్స్‌డ్ హయ్యర్లు కూడా అడుగుతారు.

మనవాళ్లకు బాగా నచ్చే విషయం ఒకటుంది. ఎంపీసీనా, బైపీసీనా అని పదో తరగతి కాగానే గోడ కట్టేయరు. ఒకే అమ్మాయి లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిష్ ఐదూ హయ్యర్‌లో చదవొచ్చు. అయితే దానికి టైంటేబుల్ కలిసి రావాలి. బడి ఇచ్చే సబ్జెక్టుల పత్రంలో కాలమ్‌లు ఉంటాయి, ఒక్కో కాలమ్ నుంచి ఒకటే తీసుకోవాలి. పెద్ద బడిలో బయాలజీ రెండు మూడు కాలమ్‌లలో కనిపిస్తుంది. చిన్న బడిలో బయాలజీ, ఫిజిక్స్ ఒకే కాలమ్‌లో పడ్డాయంటే రెంటిలో ఒకటి వదులుకోవాల్సిందే. గ్రామీణ బడిని నగరం బడితో పోల్చేటప్పుడు నేను మొదట చూసేది ఈ కాలమ్ పత్రమే. ర్యాంకులు ఆ తర్వాత.

ర్యాంకుల గురించి కూడా ఒక మాట. స్కాట్లాండ్ ప్రభుత్వం బడులకు ర్యాంకులు ఇవ్వదు. ఎంతమంది పిల్లలు ఐదు హయ్యర్లు తెచ్చుకున్నారన్న లెక్క తీసుకుని పత్రికలే పట్టికలు వేసుకుంటాయి. ఒక క్లాసులో 20 మందే ఉన్న బడిలో ఇద్దరు పిల్లలు బాగా రాస్తే శాతం పది పెరుగుతుంది, ఇద్దరు అప్రెంటిస్‌షిప్‌కు వెళ్లిపోతే పది తగ్గుతుంది. బడి మాత్రం అదే, టీచర్లూ వాళ్లే. పైగా డబ్బున్న శివారు ప్రాంతాల బడులు పట్టికలో ఎప్పుడూ పైనే కనిపిస్తాయి. అందులో బడి గొప్ప ఎంతో, ఇళ్ల ధరల గొప్ప ఎంతో విడదీయడం కష్టం.

నికొల్సన్ ఇన్‌స్టిట్యూట్

నికొల్సన్ ఇన్‌స్టిట్యూట్ పుట్టింది 1873లో. స్టోర్నొవేలో పుట్టి, షాంఘైలో ఇంజినీరుగా బతికిన అలెగ్జాండర్ మోరిసన్ నికొల్సన్ సొంత ఊరి పిల్లల చదువు కోసం డబ్బు రాసి వెళ్లాడు. ఆ డబ్బుతోనే బడి మొదలైంది. దూరదేశంలో సంపాదించి సొంతూళ్లో బడి కట్టించడం మన కృష్ణా, గోదావరి జిల్లాల పల్లెల్లోనూ చూస్తూనే ఉన్నాం. పాత బడి గడియార స్తంభం ఊళ్లో ఇప్పటికీ నిలబడి ఉంది. పిల్లలు చదివేది మాత్రం 2012లో తెరిచిన కొత్త భవనంలో.

ఒకప్పుడు లూయిస్‌లోని మారుమూల ఊళ్ల బడుల్లో ఎస్1, ఎస్2 దాకా ఉండేవి. ఆ తర్వాత పిల్లలు స్టోర్నొవే వచ్చేవాళ్లు. ఒక్కొక్కటిగా అవి ప్రైమరీకే పరిమితమయ్యాయి. ఇప్పుడు లూయిస్ మొత్తానికీ సెకండరీ బడి నికొల్సన్ ఒక్కటే. సుమారు వెయ్యి మంది పిల్లలు. ఈ సంఖ్య చాలా ముఖ్యం. గ్రామీణ బడి అనగానే మనవాళ్ల మనసులో రెండు గదులు, ముగ్గురు టీచర్ల బడి మెదులుతుంది. వెయ్యి మంది పిల్లలున్న బడిలో సైన్సులు మూడింటికీ వేరువేరు టీచర్లు, ల్యాబులు ఉంటాయి. ఐదు హయ్యర్లు ఒకే ఏడాది రాయడానికి కావలసిన కాలమ్‌లు ఉంటాయి. స్కాట్లాండ్ నిబంధనల ప్రకారం ఎస్1, ఎస్2 తరగతుల్లో 33 మందికి, ఆ పైన 30 మందికి మించి ఉండకూడదు. ల్యాబు లాంటి చేతిపని ఉండే సబ్జెక్టుల్లో 20. కార్పొరేట్ కాలేజీల సెక్షన్లు చూసిన కళ్లకు ఇది విశేషంగానే ఉంటుంది.

దీవి బడుల్లో అసలు ఇబ్బంది ఎస్6లో వస్తుంది. అడ్వాన్స్‌డ్ హయ్యర్ ఫిజిక్స్‌కు నలుగురే పిల్లలుంటే క్లాసు నడపడం కష్టం. ఈ చిక్కు తీర్చడానికే లూయిస్ కూడా భాగమైన పశ్చిమ దీవుల స్థానిక ప్రభుత్వం (కౌన్సిల్) 2016లో ఇ-స్కోయిల్ అనే ఆన్‌లైన్ బడి పెట్టింది. ఒక దీవిలో ఉన్న టీచరు మరో దీవిలోని నలుగురికి, ఇంకో చోట ఉన్న ఇద్దరికి కలిపి ప్రత్యక్షంగా పాఠం చెబుతారు. కోవిడ్ రోజుల్లో స్కాట్లాండ్ అంతా దాని వైపు చూసింది. ఆన్‌లైన్ అనగానే మనకు నమ్మకం తక్కువ, అర్థం చేసుకోగలను. కానీ ఇక్కడ తరగతి చిన్నది, టీచరు పిల్లను పేరు పెట్టి పిలుస్తారు, టైంటేబుల్‌లో ఆ పీరియడ్ ఉంటుంది. తనంతట తాను కూర్చుని చదివే అలవాటున్న పిల్లకు ఇది బాగా నడుస్తుంది. పక్కన ఎవరో ఒకరు కూర్చుంటే తప్ప పుస్తకం తెరవని పిల్లవాడికి మాత్రం కష్టమే.

ఇక గేలిక్, స్కాట్లాండ్ పాత భాష. పశ్చిమ దీవులు ఆ భాషకు మిగిలిన చివరి బలమైన చోటు. 2020 నుంచి ఇక్కడి కౌన్సిల్ ప్రైమరీ మొదటి తరగతిలో గేలిక్ మాధ్యమాన్నే మామూలు పద్ధతిగా చేసింది. ఇంగ్లిష్ కావాలంటే తల్లిదండ్రులు ప్రత్యేకంగా చెప్పాలి. చిన్న పిల్లలున్నవాళ్లకు ఇది నిజంగా ఆలోచించాల్సిన ఎంపిక. ఇంట్లో తెలుగు, బయట ఇంగ్లిష్, బడిలో గేలిక్ అంటే భయం వేయొచ్చు. కానీ మూడు భాషల మధ్య పెరిగిన పిల్లలు మన హైదరాబాద్ నిండా ఉన్నారు. కొన్నేళ్లు అక్కడే ఉండాలని వెళ్తుంటే గేలిక్ మాధ్యమం పిల్లకు ఆ ఊళ్లో చోటు చూపిస్తుంది. రెండేళ్లలో మారిపోయే ఉద్యోగమైతే ఇంగ్లిష్ మాధ్యమమే మేలు. సెకండరీలో చేరే పిల్లకు ఈ సమస్య లేదు, పాఠాలు ఇంగ్లిష్‌లోనే. గేలిక్ ఒక సబ్జెక్టుగా నేర్చుకుంటే నేర్చుకోవచ్చు. తమ భాష తరిగిపోతోందని తెలిసిన మనుషుల మధ్య ఉంటారు కాబట్టి, మీ ఇంట్లో తెలుగు నిలుపుకోవడాన్ని అక్కడ ఎవరూ వింతగా చూడరు.

బడి బయటి జీవితం గురించి దాచకుండా చెప్పుకోవాలి. 2022 జనాభా లెక్కల్లో పశ్చిమ దీవులన్నిటిలో కలిపి ఉన్నది 26 వేల మంది. ఆదివారం ప్రార్థనకూ విశ్రాంతికీ కేటాయించిన రోజు. స్టోర్నొవే నుంచి ఆదివారం విమానం 2002లో, ఆదివారం ఫెర్రీ 2009లో మొదలయ్యాయి. ఊళ్లోని పెద్ద సూపర్ మార్కెట్ ఆదివారం తెరవడం 2024 నవంబరులోనే. డిసెంబరులో పొద్దున తొమ్మిది దాటాక వెలుగు వచ్చి మధ్యాహ్నం మూడున్నరకల్లా పోతుంది. పిల్లలు చీకట్లో బడికి వెళ్లి చీకటి పడుతుండగా తిరిగి వస్తారు. మొదటి చలికాలం కష్టంగా ఉంటుంది, ముఖ్యంగా ఇంట్లో ఉండే అమ్మలకి. జూన్‌లో రాత్రి పదిన్నరకి కూడా వెలుగు ఉంటుంది, పిల్లలు బయటే ఆడుకుంటుంటారు. గాలివాన వచ్చినప్పుడు ఫెర్రీలు ఆగుతాయి, ఒక్కోసారి బడులు మూస్తారు, అంగట్లో కూరగాయల అరలు ఖాళీ అవుతాయి. కరివేపాకు, కందిపప్పు నిల్వ పెట్టుకోవడం అందరూ త్వరగానే నేర్చుకుంటారు.

దక్షిణాసియా వాళ్లు అక్కడ కొత్త కాదు. మూటలు మోసుకుని బట్టలమ్ముతూ వచ్చిన పంజాబీ ముస్లిం కుటుంబాలు దశాబ్దాలుగా స్టోర్నొవేలో ఉన్నాయి. వాళ్ల పిల్లలు గేలిక్ యాసతోనే మాట్లాడతారు. 2018లో అక్కడ చిన్న మసీదు తెరిచారు, ఊరి వాళ్లు చాలామంది చేయి కలిపారు. హిందూ గుడి లేదు. గుడికి గ్లాస్గో లాంటి నగరం దాకా వెళ్లాలి. తెలుగు స్నేహితులు దొరకడం అదృష్టాన్ని బట్టి ఉంటుంది. 13 ఏళ్ల పిల్లకు తనలా కనిపించే వాళ్లు క్లాసులో ఒక్కరూ లేకపోవడం చిన్న విషయం కాదు, దాని గురించి వెళ్లక ముందే ఇంట్లో మాట్లాడుకోవాలి. ఇంకో సంగతి డాక్టర్లకు మాత్రమే తెలిసేది: మీరు చూసే రోగి మీ అమ్మాయి పక్క బెంచీలో కూర్చునే పిల్లవాడి నాన్న అయి ఉండొచ్చు. అందరికీ అందరూ తెలిసిన ఊరు. దానివల్ల పిల్లలకు భద్రత ఎక్కువ, గోప్యత తక్కువ.

రవాణా సంగతి తేలికే. బడికి మూడు మైళ్ల పైన ఇల్లుంటే కౌన్సిలే ఉచితంగా బస్సు చూడాలి. అదిగాక 2022 జనవరి చివరి నుంచి స్కాట్లాండ్‌లో నివసించే 22 ఏళ్ల లోపు వాళ్లందరికీ, కార్డు తీసుకుంటే, బస్సు ప్రయాణం ఉచితం. అయినా ఇల్లు స్టోర్నొవేలోనో దాని చుట్టుపక్కలో తీసుకోమనే చెబుతాను. ఉత్తరాన నెస్ దగ్గర అద్దె తక్కువ అని తీసుకుంటే బడి తర్వాత జరిగే సంగీతం, ఆటలు, క్లబ్బులు బస్సు టైముకే ఆగిపోతాయి. కొత్త పిల్లలకు స్నేహాలు కలిసేది ఆ గంటలోనే.

ఇంకా చిన్న బడులు

పశ్చిమ దీవుల్లోనే ఇంకా దక్షిణాన ఉన్న బెన్‌బెక్యులాలోని ఆసుపత్రి నుంచి ఆఫర్ వస్తే బడి స్కోయిల్ లినక్లేట్. 1988లో తెరిచిన ఈ బడిలోనే ఊరి గ్రంథాలయం, ఈతకొలను, మ్యూజియం ఉన్నాయి. హారిస్‌లో అయితే టార్బర్ట్‌లోని సర్ ఈ. స్కాట్ స్కూల్, బారాలో అయితే కాసిల్‌బే బడి. ఈ మూడూ ఎస్6 దాకా ఉన్నాయి, పిల్లలు మాత్రం చాలా తక్కువ. ఎస్1 నుంచి ఎస్3 దాకా ఇవి నాకు నికొల్సన్ కంటే కూడా నచ్చుతాయి, ఎందుకంటే అక్కడ ఏ పిల్లా కనుమరుగు కాదు. ఇంగ్లిష్ కాస్త తడబడే పిల్లకు, సిగ్గరి పిల్లకు ఇంతకంటే మంచి చోటు ఉండదు. ఎస్5కి వచ్చేసరికి మాత్రం ఆ కాలమ్ పత్రం పలచబడుతుంది. ఫిజిక్స్ టీచరు ఒక్కరే ఉండి, ఆయన వెళ్లిపోతే కొత్తవారు వచ్చేదాకా ఆ సబ్జెక్టు ఇ-స్కోయిల్ మీదే ఆధారపడాలి. సైన్సు, మెడిసిన్ అనుకునే పిల్లలున్న కుటుంబం దీన్ని గట్టిగా లెక్కలోకి తీసుకోవాలి.

ఆర్క్నీలో పద్ధతి వేరు. కిర్క్‌వాల్ గ్రామర్ స్కూల్ మూలాలు మధ్యయుగాల దాకా వెళ్తాయి, స్కాట్లాండ్‌లోని అతి పాత బడుల్లో అదొకటి. ఇప్పుడది కొత్త భవనంలో ఉన్న పెద్ద ప్రభుత్వ బడి. శాండే, వెస్ట్రే లాంటి బయటి దీవుల పిల్లలు సొంత దీవిలో ఎస్4 దాకా చదివి, తర్వాత కిర్క్‌వాల్ వచ్చి పాప్‌డేల్ హాల్స్ అనే హాస్టల్లో ఉంటారు. శుక్రవారం ఇంటికి, ఆదివారమో సోమవారమో తిరిగి బడికి. కొత్త బాల్ఫోర్ ఆసుపత్రి కిర్క్‌వాల్‌లోనే ఉంది కాబట్టి డాక్టర్లు, నర్సుల పిల్లలకు మామూలుగా హాస్టల్ అవసరం రాదు. నన్నడిగితే కిర్క్‌వాల్, స్టోర్నొవే రెండూ దాదాపు సమానం. ఆర్క్నీలో గేలిక్ లేదు, ఆదివారం పట్టింపు అంత గట్టిగా లేదు. వేరే తేడాలు చెప్పమంటే నేను ఉద్యోగం ఎక్కడ బాగుందో అది చూసుకోమంటాను.

సంగీతం మీద ప్రాణం పెట్టే పిల్ల ఉంటే ప్లాక్టన్ హైస్కూలు పేరు గుర్తుపెట్టుకోండి. ప్రధాన భూభాగపు పడమటి తీరంలోని చిన్న ఊరు. 2000 నుంచి అక్కడ స్కాటిష్ సంప్రదాయ సంగీతానికి జాతీయ కేంద్రం ఉంది, హాస్టల్ ఉంది. మన కర్ణాటక వయొలిన్ నేర్చిన చెయ్యి అక్కడి ఫిడిల్ మీద త్వరగానే కుదురుకుంటుంది.

కుటుంబాన్ని గ్లాస్గోలో పెట్టి ఒక్కరే దీవికి వెళ్లడం

మనవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. గ్లాస్గో దక్షిణ శివార్లలోని ఈస్ట్ రెన్‌ఫ్రూషైర్ కౌన్సిల్ బడులు, మెర్న్స్ కాసిల్, ఈస్ట్‌వుడ్, సెయింట్ నినియన్స్, పట్టికల్లో ఎప్పుడూ పైన ఉంటాయి. ఆ శివార్లలోని న్యూటన్ మెర్న్స్‌లో దక్షిణాసియా కుటుంబాలు ఎక్కువే. గుడి దగ్గర, కిరాణా దగ్గర, పిల్లలకు తోడు దగ్గర. ఇవన్నీ నిజమే.

కానీ ఆ బడిలో సీటు ఇంటి అడ్రసుతో వస్తుంది. ఒక్కో బడికి తన పరిధి ఉంటుంది, ఒకే వీధిలో ఈ చివర ఒక బడి, ఆ చివర ఇంకో బడి ఉండొచ్చు. ఇంటి ఏజెంటు మాట నమ్మకుండా అద్దె ఒప్పందం రాసుకునే ముందే కౌన్సిల్ వెబ్‌సైట్‌లో అడ్రసు కొట్టి చూసుకోవాలి. పరిధిలో ఉన్నా ఆ క్లాసు నిండిపోయి ఉంటే ఏడాది మధ్యలో వచ్చిన పిల్లను వేరే బడికి పంపించవచ్చు. పరిధి బయటి బడి కావాలంటే ప్లేసింగ్ రిక్వెస్ట్ పెట్టుకోవాలి. ఆగస్టులో మొదలయ్యే చదువుకు మార్చి 15 లోపు పెడితే ఏప్రిల్ 30 లోపు జవాబు చెప్పాలి. చోటు లేకపోతే కాదనే హక్కు వాళ్లకుంది. అద్దెలు ఎంత ఉంటాయో చెప్పనక్కర్లేదు, రెండు ఇళ్ల అద్దె అంటే ఇంకా భారం.

దానికంటే పెద్ద ఖర్చు వేరే ఉంది. స్టోర్నొవే నుంచి గ్లాస్గోకి విమానంలో గంట. పొగమంచు, గాలి ఉన్న రోజున అది రేపటికి వాయిదా పడుతుంది. ఫెర్రీ అయితే అల్లపూల్‌కు రెండున్నర గంటలకు పైగా, అక్కడి నుంచి గ్లాస్గోకి రోడ్డు మీద ఇంకా చాలా దూరం. దీవిలో నివసించేవాళ్లకు విమాన టిక్కెట్ మూల ధరలో సగం తగ్గించే పథకం ఉంది, అది దీవిలో ఉండే ఒక్కరికే పనిచేస్తుంది, గ్లాస్గోలో ఉండే భార్యాపిల్లలకు కాదు. ఆసుపత్రిలో ఆన్‌కాల్ డ్యూటీలు కలిపి చూసుకుంటే నెలకు ఒకటో రెండో వారాంతాలు. పరాయి దేశంలో, తెలియని వాతావరణంలో ఒంటరిగా పిల్లల్ని చూసుకునే అమ్మ, లేదా నాన్న, ఆ చలికాలంలో ఎంత నలిగిపోతారో చూసినవాళ్లకు తెలుసు. ఎస్1, ఎస్2 పిల్లల కోసం ఇలా విడిపోవడం నేను ఒప్పుకోను. పట్టికలో నాలుగు మెట్లు పైన ఉన్న బడి ఇచ్చే లాభం, సాయంత్రం ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లు ఉండటం కంటే ఎక్కువ కాదు.

ప్రైవేటు బోర్డింగ్ గురించి తక్కువే చెబుతాను. ఎల్గిన్ దగ్గర 1934లో మొదలైన గోర్డన్‌స్టన్ పేరు అందరూ విన్నారు, బ్రిటన్ రాజు చార్లెస్ చదివింది అక్కడే. బోర్డింగ్ ఫీజులు ఏడాదికి పదుల వేల పౌండ్లలో ఉంటాయి, 2025 జనవరి నుంచి వాటి మీద 20 శాతం వ్యాట్ కూడా పడుతోంది. బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ ఇచ్చే జీతం మీద బతికే ఇంటికి ఇది ఎంపికే కాదు. అప్పు చేసి చేర్చాలనుకుంటే వద్దని గట్టిగా చెబుతాను.

పిల్ల ఏ దశలో ఉంది?

ఎస్1 నుంచి ఎస్2 మధ్యలో చేరగలిగితే దీవి బడికే వెళ్లండి. హయ్యర్ల సబ్జెక్టులు ఎంచుకునే నాటికి పిల్ల బడికి, టీచర్లకు, యాసకు అలవాటు పడి ఉంటుంది. ఎస్3లో వచ్చినా పర్వాలేదు, కానీ సబ్జెక్టుల ఎంపిక ఈపాటికే అయిపోయి ఉండొచ్చు, ఏ కాలమ్‌లలో ఇంకా చోటు ఉందో ముందే అడగాలి.

మన దగ్గర పదో తరగతి పూర్తి చేసి వచ్చే పిల్లలది గట్టి పరీక్ష. వాళ్లు నేరుగా ఎస్5లో, అంటే హయ్యర్ ఏడాదిలో పడతారు. ఆ కోర్సు ఒక్క ఏడాదే. చాలా బడుల్లో కొత్త టైంటేబుల్ వేసవి సెలవులకు ముందే, జూన్‌లోనే మొదలైపోతుంది, ఆగస్టులో చేరిన పిల్ల కొన్ని వారాలు వెనకబడి మొదలుపెడుతుంది. లెక్కలు, సైన్సుల్లో మన పిల్లలు త్వరగా అందుకుంటారు. ఇబ్బంది ఇంగ్లిష్‌తోనే. హయ్యర్ ఇంగ్లిష్‌లో పాఠం అప్పజెప్పడం ఉండదు, చదివినదాన్ని విడమర్చి సొంతంగా వాదించి రాయాలి. ఇలాంటి పిల్లకు బడి పెద్దదై ఉండటం, ఎస్6లో మళ్లీ హయ్యర్లు రాసే వీలుండటం అవసరం. స్టోర్నొవే, కిర్క్‌వాల్ అయితే సరే. అంతకంటే చిన్న బడి అయితే ఆ ఒక్క పరిస్థితిలో ఇన్వర్నెస్, అబెర్డీన్, గ్లాస్గో ఆసుపత్రుల్లో ఉద్యోగం చూసుకోవడం మంచిదనే అంటాను. ఎస్4 మధ్యలో ఉన్న పిల్లను మాత్రం స్కాట్లాండ్ లోపల కూడా బడి మార్చకండి. పరీక్షలు అయ్యాక కదలండి.

మెడిసిన్ కావాలనుకునే పిల్లల తల్లిదండ్రులు చిన్న ఊరి బడి నుంచి సీటు రాదనుకుంటారు. స్కాట్లాండ్ మెడికల్ కాలేజీలు అడిగేది ఎస్5లో ఐదు హయ్యర్లలో దాదాపు అన్నీ 'ఎ'లు, యూక్యాట్ అనే ప్రవేశ పరీక్ష, ఆసుపత్రి అనుభవం. ఆ అనుభవం సంపాదించడం దీవిలోనే తేలిక. ఊళ్లో ఒక్కటే ఆసుపత్రి, వృద్ధాశ్రమం, అక్కడివాళ్లందరూ మీకు తెలుసు. కెమిస్ట్రీ, బయాలజీతో పాటు ఇంకో సైన్సో లెక్కలో ఒకే ఏడాది కుదురుతాయా అన్నది ఒక్కటే అడిగి తెలుసుకోవాల్సింది.

రెండు మూడేళ్లలో ఇండియా తిరిగి వెళ్లే ఆలోచన ఉంటే జాగ్రత్త పడాల్సింది సబ్జెక్టుల దగ్గర. నీట్ కోసం ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిష్ నాలుగూ వదలకుండా చదివించాలి. విదేశీ సర్టిఫికెట్లకు సమానత్వ పత్రం ఇచ్చే భారత విశ్వవిద్యాలయాల సంఘం దగ్గర, హయ్యర్ చాలునా, అడ్వాన్స్‌డ్ హయ్యర్ కావాలా అని సబ్జెక్టులు ఎంచుకునే ముందే రాసి అడగండి. అక్కడే యూనివర్సిటీ చదివించాలనుకుంటే ఫీజుల సంగతి వేరే: స్కాట్లాండ్ విద్యార్థులకు ఫీజు కట్టే ప్రభుత్వ సంస్థ సాస్ నియమాలు వీసా రకాన్ని, అక్కడ ఎన్నేళ్లుగా ఉన్నారన్నదాన్ని బట్టి మారతాయి. పిల్ల ఎస్3లో ఉండగానే ఆ లెక్క చూసుకోవాలి, ఎస్6లో చూస్తే ఏమీ చేయలేరు.

చదువులో అదనపు సాయం కావలసిన పిల్ల ఉంటే 2004 చట్టం ప్రకారం ఆ సాయం అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉంది, దీవిలోనూ అంతే. స్పీచ్ థెరపీ, మానసిక వైద్యం లాంటి నిపుణుల దగ్గర మాత్రం వేచి ఉండాల్సి రావచ్చు, కొన్నిటికి ప్రధాన భూభాగానికి వెళ్లాలి. ఇలాంటి ఇంటికి నేను నగరం వైపే మొగ్గు చూపుతాను.

బడికి ముందే రాయాల్సిన మెయిల్

ఇంటర్వ్యూ అయ్యి ఆఫర్ వచ్చాక, ఒప్పుకోక ముందు, బడి ఆఫీసుకు ఒక మెయిల్ రాయండి. పిల్ల పుట్టిన తేదీ, ఇప్పుడు చదివే తరగతి, సబ్జెక్టులు, వచ్చే నెల చెప్పండి. ఏ తరగతిలో వేస్తారు, వచ్చే ఏడాది ఎస్4, ఎస్5 కాలమ్ పత్రం పంపగలరా, ఏ సబ్జెక్టులు ఇ-స్కోయిల్ ద్వారా నడుస్తున్నాయి, సైన్సులో టీచరు ఖాళీలు ఉన్నాయా, ఇంగ్లిష్‌లో అదనపు సాయం దొరుకుతుందా అని అడగండి. గ్రామీణ బడుల్లో ఇలాంటి మెయిల్‌కు చాలాసార్లు హెడ్‌టీచరో, గైడెన్స్ టీచరో స్వయంగా జవాబిస్తారు, వీడియో కాల్‌కు కూడా ఒప్పుకుంటారు. ఆ కాల్‌లో మీరు కాక పిల్లను మాట్లాడనివ్వండి.

చేరడానికి పుట్టిన సర్టిఫికెట్, పాస్‌పోర్టు, వీసా వివరాలు, ఇంటి అడ్రసు రుజువు, పాత బడి మార్కుల పత్రాలు, టీకాల కార్డు దగ్గర పెట్టుకోండి. చదువు ఏడాది ఆగస్టు మధ్యలో మొదలై జూన్ చివర ముగుస్తుంది. మీ ఉద్యోగం అక్టోబరులోనో జనవరిలోనో మొదలైతే, వీలున్నంతలో పిల్లల్ని ఆ టర్మ్ మొదటి రోజుకే తీసుకెళ్లండి, వారం ఆలస్యమైనా స్నేహబృందాలు కుదిరిపోతాయి. చలికాలంలో వెళ్తుంటే విమానం టిక్కెట్ బడి మొదలయ్యే రోజుకు కనీసం మూడు రోజుల ముందుకి తీసుకోండి, గాలివల్ల ఒకటి రెండు రోజులు ఇన్వర్నెస్‌లో ఆగిపోవాల్సి రావచ్చు.